మసి పట్టిన దూలాలు

ఇంగ్లండు నుంచి వచ్చి పది రోజులైంది. నా ఉన్ని శాలువా ఇంకా కట్టెల పొగ వాసన వేస్తూనే ఉంది. ఉతికేస్తే ఆ వాసనతో పాటు సగం సంగతులు కూడా పోతాయేమోనని, దాన్ని కుర్చీ మీద అలాగే వేసి ఉంచి ముందు ఇది రాస్తున్నాను.

అమ్మాయి, అల్లుడు రెడింగ్‌లో ఉంటారు. లండన్ వంతెనలు, కోటలు, రాజుల నగలు పోయినసారే చూసేశాం. ఈసారి రైతుల పాత ఇళ్లు చూస్తానన్నాను. "అంత దూరం వచ్చి పాకలు చూస్తావా అమ్మా?" అని అమ్మాయి నవ్వింది. కోనసీమలో నేను పుట్టిన మండువా ఇంటిని పన్నెండేళ్ల కిందట మా అన్నదమ్ములు విప్పించి, కలపను అడితికి అమ్మేశారు. కొనడానికి వచ్చినాయన వంటింటి దూలం మీద చిత్రిక పట్టించి చూశాడు. జానెడు మేర మసి లేచిపోయి ఎర్రటి టేకు బయటపడింది. "సరుకు బాగుంది" అన్నాడు. అప్పటినుంచి ఎక్కడ పాత ఇల్లు కనిపించినా ముందు తలెత్తి పైకప్పు చూడటం నాకు అలవాటైంది.

మావారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇళ్ల మీద ఆయనకు ఆసక్తి లేదు. కాలువ ఉంటుందంటే మాత్రం ఎక్కడికైనా వస్తారు.

మే 13, సింగిల్టన్

చిచెస్టర్ నుంచి బస్సులో పచ్చటి గుట్టల మధ్యకు వెళితే సింగిల్టన్ వస్తుంది. అక్కడ వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియం ఉంది. మ్యూజియం అనగానే అద్దాల బీరువాలు గుర్తొస్తాయి కానీ ఇక్కడ ప్రదర్శనకు పెట్టినవి ఇళ్లే. ఆగ్నేయ ఇంగ్లండులో కూలిపోబోతున్నవీ, రోడ్ల కిందకీ నీళ్ల కిందకీ పోబోతున్నవీ కర్రకు కర్ర విప్పి తెచ్చి, ఈ లోయలో మళ్లీ నిలబెట్టారు. నేను వెళ్లింది వాటిలో ఒకదాని కోసం. దాని పేరు బేలీఫ్.

దూరం నుంచి చూస్తే ఒకే పెద్ద పెంకుటిల్లు. దగ్గరికి వెళితే మూడు ముక్కలుగా కనిపిస్తుంది. రెండు కొసలా మేడ గదులు కింది గోడకంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. నడిమి భాగం లోపలికి నొక్కినట్టు ఉంటుంది. మూడింటి మీదా కప్పు మాత్రం ఒక్కటే. అందువల్ల నడిమి భాగంలో చూరు గాలిలో ఉండిపోతుంది కనుక, దాన్ని మోయడానికి రెండు వైపులనుంచీ వంపు తిరిగిన ఓక్ కర్రలు చేతులు చాచినట్టు వస్తాయి. కెంట్, ససెక్స్ ప్రాంతాల మోతుబరి రైతుల ఇళ్లు ఒకప్పుడు ఈ తీరులోనే ఉండేవట. జమీందార్ల భవనం కాదు, కూలివాడి గుడిసె కాదు. మన ఊళ్లో నాలుగు జతల ఎడ్లున్న ఆసామి ఇల్లు అనుకోండి.

తలుపు దాటగానే ఒక నడవ. దానికి ఎదురెదురుగా రెండు తలుపులు, ఒకటి వాకిట్లోకి, ఒకటి పెరట్లోకి. మా ఇంట్లోలాగే వీధి గుమ్మంలో నిలబడితే పెరడు కనిపిస్తోంది. నడవకు ఒక పక్క రెండు చిన్న చీకటి గదులు. ఒకదాని పేరు ప్యాంట్రీ, రొట్టెలు దాచుకునేది. రెండోదాని పేరు బటరీ. వెన్న గది కాబోలనుకున్నాను. కాదట, బీరు పీపాల గదట. రెండో పక్కకు తిరిగితే హాలు.

మనం టీవీ, సోఫా పెట్టుకునే గదిని హాలు అంటాం కదా. ఆ మాటకు అసలు యజమాని ఇదిగో, ఇక్కడ ఉంది. నేలనుంచి కప్పుదాకా మధ్యలో అడ్డమేమీ లేదు. నేల మట్టిది. గది నడుమ నేల మీదే మంట. చిమ్నీ లేదు. పొగ తనకు తోచిన దారిన పైకి లేచి, వాసాల మధ్య కాసేపు తిరిగి, కప్పు కొసల దగ్గర వదిలిన చిన్న కంతల్లోంచి బయటికి పోతుంది. కొంత కిటికీల్లోంచి పోతుంది. కిటికీలకు అద్దాల్లేవు. నలుపలకల ఓక్ కమ్మీలు అంచు ముందుకు వచ్చేలా మూలగా తిప్పి నిలబెట్టి ఉన్నాయి, వెనక చెక్క రెక్కలు.

తలెత్తాను. వాసాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మా వంటిల్లే.

మంట దగ్గర పాతకాలపు గౌను, తెల్ల తలగుడ్డ వేసుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. స్వచ్ఛందంగా పనిచేస్తోందట, వారానికి రెండు రోజులు వస్తుందట. నేను కళ్లు తుడుచుకోవడం చూసి క్షమాపణ చెప్పింది. వీళ్లు పొగకు కూడా క్షమాపణ చెబుతారు. చిన్నప్పుడు ఊదుగొట్టం ఊదిన కళ్లే ఇవి, ఫరవాలేదన్నాను. ఊదుగొట్టం అంటే ఏమిటో చేతులతో చూపించాల్సి వచ్చింది. ఆవిడ తన తోలు తిత్తి తెచ్చి చూపించింది. ఇద్దరం కాసేపు కట్టెల గురించి మాట్లాడుకున్నాం. పచ్చి కట్టె ఆవిడకూ గిట్టదు.

కర్రల వయసు ఎలా తెలుస్తుందో ఆవిడే చెప్పింది. చెట్టు ఏడాదికొక వలయం పెంచుకుంటుంది. వానలు బాగా పడిన ఏడు వెడల్పుగా, ఎండిన ఏడు సన్నగా. ఆ వరసను తెలిసిన వరసలతో పోల్చి చూస్తే చెట్టు కొట్టిన కాలం దొరుకుతుంది. అలా చూస్తే బేలీఫ్‌లో హాలు, నడవ వైపు గదులు 1405–30 మధ్యవి. యజమాని పడక గది ఉన్న అవతలి కొస 1505–10 నాటిది. అంటే ముందు కట్టిన ఇంటికి నూరేళ్ల తరవాత మనవడి మనవడో, కొనుక్కున్నవాడో కొత్త గది చేర్చాడు. ఆ గదికి మేడ మీదే గోడకు వేలాడుతూ ఒక మరుగుదొడ్డి కూడా ఉంది. లోపలి సామానంతా 1540 ప్రాంతంలో ఉండగలిగిన రీతిలో ఇప్పటి వడ్రంగులు చేసి పెట్టినదే కనుక, మంచం మీద కూర్చున్నా ఎవరూ ఏమీ అనలేదు.

కాలువల మనిషి ఇంతసేపూ బయట బాతులను చూస్తున్నారు. ఆ ఇల్లు అసలు ఎక్కడిదని అడిగి వచ్చి, ఉన్నట్టుండి మాటల్లో పడ్డారు. కెంట్‌లో చిడింగ్‌స్టోన్ దగ్గర ఉండేదట. 1960ల్లో బౌ బీచ్ జలాశయం కడుతుంటే ముంపు కిందకు వచ్చింది. విప్పి తీసుకొచ్చి 1972లో ఇక్కడ నిలబెట్టారు. "మన కూడవెల్లే కదా ఇది!" అన్నారు మావారు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. కుర్రతనంలో ఆయన కర్నూలులో పనిచేస్తూ, నేల మీద వరసగా పేర్చిన అంకెలు వేసిన రాళ్లను చూశారట. "రాళ్లకు మేం అంకెలు వేశాం, వీళ్లు కర్రలకు వేసి ఉంటారు" అన్నారు. పెద్దావిడ నవ్వి, ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లి టార్చి వెలుగులో చూపించింది. రెండు కర్రలు కలిసే చోట ఉలితో కొట్టిన గీతలు ఉన్నాయి. రోమన్ అంకెలు. అవి ఇప్పుడు వేసినవి కావు. ఆ కాలపు వడ్రంగులు ఒక్కొక్క పక్క గోడనూ నేల మీద పరిచి బిగించి చూసుకుని, గుర్తులు వేసి, విప్పి, మళ్లీ స్థలంలో నిలబెట్టేవారు. అందుకే ఇలాంటి ఇల్లు విప్పడానికి ఒప్పుకుంటుంది. బిగింపంతా ఒక కర్ర కొసను ఇంకో కర్ర కంతలో దూర్చే కుసులతో, చెక్క చీలలతోనే. ఆయన ఆ గీతల మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నారు.

మర దగ్గర విసిరిన గోధుమపిండి సంచి ఒకటి కొన్నాను. లర్గ్‌షాల్ అనే ఊరినుంచి తెచ్చి పెట్టిన నీటి మర అది, ఇప్పటికీ తిరుగుతోంది. మర చక్రం దగ్గరే మావారికి మధ్యాహ్నమంతా గడిచిపోయింది. శాలువాకు వాసన పట్టింది మాత్రం బేలీఫ్‌లోనే.

మే 14, ఆల్‌ఫ్రిస్టన్

బెరిక్ స్టేషన్‌లో దిగి పొలాల మీదుగా నడిచి వెళదామన్నది మావారి ఆలోచన. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఈ దేశంలో ఒకరి పొలంలోంచి అందరూ నడవడానికి హక్కున్న కాలిబాటలు ఉంటాయి. గట్టు దగ్గర చెక్క మెట్టు ఎక్కి దాటాలి, గేటు ఉంటే తీసి మళ్లీ వేయాలి. అంతవరకూ బాగానే ఉంది. నది ఎడమ చేతి వైపు ఉండాలని ఆయన, కుడి చేతి వైపని ఫోను. ఆయన మాట విన్నందుకు మోకాలి లోతు గడ్డిలోంచి పశువుల కొట్టం వెనక్కి చేరాం. ఇరవై ఆవులు మమ్మల్నే చూస్తూ దగ్గరికి రాసాగాయి. రబ్బరు బూట్ల ముసలావిడ ఒకావిడ బకెట్‌తో వచ్చి, మా చెప్పులూ నా చీర అంచూ చూసి, ఏమీ అడగకుండానే "ఊరు అటు" అని చెయ్యి చూపింది. గేటు వేయడం మరిచిపోవద్దని మాత్రం రెండుసార్లు చెప్పింది.

ఊళ్లోకి వచ్చేసరికి ఒంటిగంట. సారాయి దుకాణమూ భోజన హోటలూ కలిసిన చోటులో కూర్చున్నాం. మాంసం లేనిది ఏముందంటే దుక్కి దున్నేవాడి భోజనమని ఒకటి ఉందన్నారు. చెక్క పలక మీద రొట్టె, అరచేతి మందం జున్నుగడ్డ, పుల్ల తీపి పచ్చడి, సగం కోసిన పచ్చి ఉల్లిపాయ. పదమూడు పౌండ్లు. మా పాలేరు చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకునేవాడు, దానికి పద్నాలుగు వందల రూపాయలు ఎవరిస్తారని మావారు. ఉల్లిపాయ మాత్రం మనదంత ఘాటు లేదు.

ఇక్కడి ఇంటిని క్లర్జీ హౌస్ అంటారు. చర్చి పక్కన, గడ్డి కప్పుతో, తోటలో ఒదిగి కూర్చుని ఉంది. పేరు పురోహితులది కానీ రూపం బేలీఫ్‌కు చెల్లెలే. నడుమ కప్పుదాకా తెరిచిన హాలు, రెండు కొసలా రెండంతస్తులు. ఆరు వందల ఏళ్ల నాటిది. పందొమ్మిదో శతాబ్దం చివరికి శిథిలమై, కూల్చేద్దామనుకుంటే, ఆ ఊరి చర్చి గురువు నిలబెట్టాలని తిరిగాడు. పాత కట్టడాలను కాపాడేందుకు 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు అనే సంస్థ మరుసటి ఏడే దీన్ని 10 పౌండ్లకు కొంది. ఆ సంస్థ కొన్న మొదటి కట్టడం ఇదే. ఇవాళ మేం ఇద్దరం తిన్న ఉల్లిపాయ భోజనం ఖరీదు అంతకంటే ఎక్కువ.

నన్ను పట్టి ఆపింది దూలాలు కావు, నేల. సుద్ద రాయి పొడి కొట్టి దిమ్మిస వేసి, పులిసిన పాలు పోసి గట్టిపరిచిన నేలట. పాలకూ నేలకూ ఏమిటి సంబంధమని పక్కనున్న ఇద్దరు ఇంగ్లీషు దొరసానులు ఆశ్చర్యపోతున్నారు. మా తాతగారు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం పోయించేవారని చెప్పబోయి, కరక్కాయకు ఇంగ్లీషు మాట దొరక్క ఊరుకున్నాను. వంగి అరచేత్తో తాకాను. చల్లగా, నున్నగా ఉంది. పేడతో అలికిన నేలలా పొడి రాలలేదు. హాలు మూల దూలం మీద ఓక్ ఆకు చెక్కడం ఒకటుంది, ఆ సంస్థ గుర్తులో కనిపించే ఆకు దీన్ని చూసే పుట్టిందంటారు.

రాత్రి బస లూయిస్ పట్టణం శివార్లలో, ఒకావిడ తన ఇంట్లోనే రెండు గదులు అద్దెకిస్తుంది. ఆ ఇల్లు కూడా పాత రైతు ఇల్లే, రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. ఆ జాబితా చట్టం సంగతి ఆవిడ నోటే విన్నాం. 1947 నాటి చట్టంతో ఇది స్థిరపడిందట. శ్రేణులు మూడు: గ్రేడ్ వన్, గ్రేడ్ టూ స్టార్, గ్రేడ్ టూ. 1700కు ముందు కట్టి, కాస్తో కూస్తో అసలు రూపంలో మిగిలినవి దాదాపు అన్నీ జాబితాకు ఎక్కుతాయి. ఎక్కాక ఇల్లు మీదే, అమ్ముకోవచ్చు, ఉండొచ్చు. కానీ దాని స్వభావం మారేలా గోడ తీయాలన్నా కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి, లేకుండా చేస్తే నేరం. "కిటికీకి రెండు పొరల అద్దం వేయించుకోవడానికి మూడేళ్లుగా అడుగుతున్నాను" అంది, మా ఇద్దరికీ తలా ఒక వేడినీళ్ల సంచి ఇస్తూ. పొద్దున తలుపు దగ్గర మావారి నుదురు దూలానికి తగిలింది. ఆ దూలం తీయడానికి కూడా అనుమతి కావాలని ఆవిడ చెప్పింది, నవ్వకుండా.

మే 16, రెడింగ్

విశ్రాంతి. మర పిండితో అమ్మాయి రొట్టెలు చేసింది. పొట్టు తీయని పిండి, అప్పడాల్లా విరిగాయి. అల్లుడు మర్యాదకు మూడు తిన్నాడు.

మే 17, షాటరీ

షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌కు మైలు దూరంలో షాటరీ. ఆయన భార్య ఆన్ హాథవే పుట్టిల్లు ఇక్కడుంది. లోకమంతా దాన్ని ఆన్ హాథవే కాటేజీ అంటుంది. పన్నెండు గదుల ఇంటిని కుటీరమనడం నాకు నచ్చలేదు. హాథవేల కాలంలో దాని పేరు హ్యూలాండ్స్ ఫార్మ్, తొంభై ఎకరాల పైన సేద్యం. జాబితాలో గ్రేడ్ వన్.

జనం విపరీతం. అందరూ ఆన్, విలియం ఈ బల్ల మీదే కూర్చుని కబుర్లాడారా అని అడుగుతున్నారు. వాళ్ల పెళ్లి 1582లో, ఆమెకు ఇరవై ఆరు, అతనికి పద్దెనిమిది. ఆ లెక్క విని మా వెనకున్న పంజాబీ ఆవిడ తన కొడుకు వైపు ఒక చూపు చూసింది.

నేను మాత్రం మేడ మీద పడక గదిలో ఆగిపోయాను. అక్కడ గోడలోంచి ఒక మహావృక్షం వంగి కప్పులోకి వెళుతుంది. వంపు తిరిగిన చెట్టును నిలువునా రెండుగా కోసి, రెండు చెక్కలనూ ఎదురెదురుగా నిలబెట్టి, పైన కొసలు కలిపారు. గోడ బరువు మోయదు, ఆ జతే ఇంటిని మోస్తుంది. బేలీఫ్‌లో చట్రం పెట్టెలా ఉంటే ఇది ఎద్దు కొమ్ముల్లా ఉంది. ఈ పాత భాగం 1463 నాటిది, అప్పుడు ఇల్లు మూడు గదులే.

ఆ పడక గది మొదట లేదు. అక్కడ ఉన్నది పొగ. కింద హాలు కప్పుదాకా తెరిచి ఉండేది, తరవాత హాథవేల చేతుల్లో పొయ్యికి రాతి చిమ్నీ వచ్చింది. పొగకు ఒక గొట్టం దొరికాక హాలు నడుమ ఖాళీతో పని లేదు కదా, దానికి అడ్డంగా చెక్క అంతస్తు వేశారు, పైన గదులు పుట్టాయి. ఆన్ సోదరుడు బార్తొలొమ్యూ 1610లో ఇంటిని సొంతానికి కొని ఇంకా పెంచాడు. చిమ్నీ మీద ఒక రాతిలో 1697 అనీ, జాన్ హాథవే పేరు పొడి అక్షరాలూ ఉన్నాయి. ఇల్లు కట్టినప్పుడు కాదు, చిమ్నీ దగ్గర పేరు చెక్కుకున్నాడంటే దాని గొప్పతనం ఏపాటిదో చూడండి.

ఆ మార్పు జరుగుతున్న రోజుల్లోనే, 1570ల్లో, విలియం హారిసన్ అనే ఎసెక్స్ మతగురువు తన ఊరి ముసలివాళ్ల మాటలు రాసిపెట్టాడు. తమ కుర్రతనంలో ఊరికి రెండో మూడో చిమ్నీలుండేవి, ఇప్పుడెన్ని లేచాయో అని వాళ్లు విస్తుపోయారట. పొగ ఉంటే కర్ర గట్టిపడుతుందని, ఇంటాయనకూ పిల్లలకూ జబ్బులు రావని ఒకప్పుడు నమ్మేవారని కూడా రాశాడు. మా నాయనమ్మ గ్యాస్ పొయ్యి వచ్చినప్పుడు అచ్చం ఇదే అంది. అటక మీద వెదురు బుట్టలకు పురుగు పడుతుందని. ఆరు నెలల్లో పడింది కూడా.

కప్పు గోధుమ గడ్డిది, కిటికీల మీద కనుబొమల్లా వంగి ఉంది. 1969లో మంటల్లో బాగా దెబ్బతింటే మళ్లీ బాగుచేశారట. బయటికొచ్చి టీ తాగాం. గోధుమ బిస్కట్టుకూ బన్నుకూ మధ్య రకం ఒకటి ఇస్తారు, దాని మీద మీగడ, జామ్. ముందు ఏది రాయాలన్న దాని మీద ఈ దేశంలో తగాదాలున్నాయట. నేను రెండూ కలిపేశాను. పక్క బల్ల ఆయన చూపు తిప్పుకున్నాడు. ఇద్దరికీ పద్దెనిమిది పౌండ్లు.

మే 18, విల్మ్‌కోట్

మావారికిచ్చిన మాట ప్రకారం ఈ రోజు కాలువ. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి విల్మ్‌కోట్‌కు కాలువ గట్టున నడక. దారిలో ఒకదాని తరవాత ఒకటి పదకొండు లాకులు. ధవళేశ్వరం లాకుల దగ్గర పెరిగిన మనిషి ఆయన. ఒక పడవ పైకి ఎక్కుతుంటే, పడవావిడ అడగకుండానే వెళ్లి లాకు తలుపు దుంగకు నడుం ఆనించి తోశారు. మూడు లాకులు అలా తోశాక ఆవిడ ఇద్దరికీ పడవలోంచే టీ అందించింది. ప్రయాణం మొత్తంలో ఖర్చు లేని టీ అదొక్కటే.

విల్మ్‌కోట్‌లో షేక్‌స్పియర్ తల్లి మేరీ ఆర్డెన్ ఇల్లుంది. ఉన్నవి నిజానికి రెండిళ్లు. రోడ్డు పక్కనే తెల్ల గోడ, నల్ల కర్రలు, పటంలో బొమ్మలాంటి ఇల్లు ఒకటి. పద్దెనిమిదో శతాబ్దం చివర జాన్ జోర్డాన్ అనే స్థానికుడు మేరీ ఆర్డెన్ ఇల్లు ఇదేనని తేల్చాడు. అందరూ నమ్మారు. 1930లో షేక్‌స్పియర్ కుటుంబపు ఇళ్లను చూసుకునే ట్రస్టు దాన్నే కొంది. డెబ్బై ఏళ్లు జనం వచ్చి చూసి వెళ్లారు. 2000లో పాత దస్తావేజులు గాలించిన చరిత్రకారుడు నాట్ ఆల్కాక్ అసలు సంగతి బయటపెట్టాడు. ఆ ఇల్లు పొరుగింటి ఆడమ్ పామర్‌ది. ఆర్డెన్‌లది పక్కనున్న గ్లీబ్ ఫార్మ్. దాని కర్రల వలయాలు లెక్కపెడితే 1514 వచ్చింది. అదృష్టం ఏమిటంటే, చుట్టుపక్కల కొత్త కట్టడాలు లేవకుండా ట్రస్టు ఆ ఇంటిని 1968లోనే కొని ఉంచింది.

ఆ వేళ లోపలికి ప్రవేశం లేదు. రోడ్డు మీదనుంచే చూశాం. గ్లీబ్ ఫార్మ్‌కు తరవాతి కాలపు ఇటుక గోడ తొడుగుంది. చూస్తే ఏ రైల్వే ఉద్యోగి ఇల్లో అనుకుంటాం. ఓక్ చట్రమంతా ఆ ఇటుక వెనక దాక్కుంది. కుక్కను తిప్పుతున్న పెద్దాయన ఒకాయన మా పక్కన ఆగి, తాను బడిలో చదువుకునే రోజుల్లో ఆ తప్పు ఇంటి బొమ్మే గీసి బహుమతి తెచ్చుకున్నానన్నాడు. బహుమతి తిరిగిచ్చేశారా అని మావారు అడిగారు. లేదన్నాడు.

ఇంటికొచ్చాక, ఇంగ్లీషు లెక్చరరుగా చేసిన మా వదిన షేక్‌స్పియర్ అమ్మగారి ఇల్లు చూపించమంది. ఫోను తెరిచాను. పామర్ గారి ఇంటి ఫోటోలు ముప్ఫై ఒకటి ఉన్నాయి. గ్లీబ్ ఫార్మ్‌ది ఒకటే ఉంది, అందులో సగానికి మావారి టోపీ అడ్డం.